కొయ్యకాళ్లకు నిప్పు పెట్టే ముందు



ఈస్టరు పండుగ దాటి యాసంగి వరికోతలు ముగిసే రోజులలో, సాయంకాలం త్రిపురారం నుండి మిర్యాలగూడ వైపు వెళ్లేవారికి కాలువ కింది పొలాలలో ఎర్రని మంటల గీతలు కనబడతాయి. వరి కొయ్యకాళ్లు కాలుస్తుంటారు. అనేక కుటుంబాలలో ఇదొక ఆనవాయితీ. తండ్రి గాలివాటం చూసి ఒక మూల నిప్పంటిస్తాడు. కొడుకులు పచ్చి వేపమండలు పట్టుకొని గెట్ల మీద నిలబడతారు. పిల్లలు దూరంగా ఉండి కేరింతలు కొడతారు. మంటకు ముందు ఎగిరే పురుగుల కొరకు కొంగలు, పాలపిట్టలు చేరతాయి. తెల్లవారేసరికి మడి నల్లగా, చదునుగా ఉంటుంది. అది చూసి రైతు మనస్సు కుదుటపడుతుంది. ఇందులో దుర్బుద్ధి ఏమీ లేదు. దీన్ని గూర్చి మాట్లాడేవారు ముందు ఆ సంగతి ఒప్పుకోవాలి.

"అయ్యగారూ, మా తాతల నాటి నుండీ కాలుస్తున్నాం, ఇప్పుడు కొత్తగా తప్పయిందా?" అని ఒక పెద్దాయన నన్నడిగాడు. న్యాయమైన ప్రశ్నే. కాని తాతల నాడు ఏమి జరిగేదో ఒకసారి నెమ్మదిగా జ్ఞాపకం చేసుకుందాం. సాగర్ కాలువలలోకి నీరు వదిలింది 1967లో. అంతకుముందు మన చెలకలలో ఎక్కువగా జొన్న, సజ్జ, ఆముదం వేసేవారు. జొన్నచొప్ప పశువులకు పోయేది, ఆముదం కట్టె పొయ్యిలోకి పోయేది. చెరువు కింద ఉన్న కొద్దిపాటి వరిని కొడవలితో నేలబారుగా కోసి, మెదలు కట్టి, కొట్టుకొని, గడ్డిని వాము వేసేవారు. పొలంలో మిగిలిన కురచ కొయ్యలను గొర్రెల మందలు మేసి ఎరువు వేసి వెళ్లేవి. తాతలు కాల్చినది కంప, నారుమడి మీది చెత్త. మడి మడంతా తగలబెట్టే పని వారికి లేదు, తగలబెట్టేటంత గడ్డీ మిగలలేదు. కోత మిషను వచ్చాక గదా మూరెడు కొయ్య నిలిచిపోవడం, గడ్డి చిందరవందరగా మడి అంతా పరచుకోవడం మొదలైంది! మనం తాతల ఆచారమని చెప్పుకొనేది మిషను వయస్సు కలిగిన ఆచారమే.

పెద్దాయన మరో మాటన్నాడు, బూడిద నేలకు బలమని. ఇందులో కొంత నిజముంది. గడ్డిలోని పొటాషులో ఎక్కువ భాగం బూడిదలో మిగులుతుంది, గాలి ఎత్తుకుపోకపోతే. కాని నత్రజని మిగలదు. ఒక టన్ను వరిగడ్డిలో 5 నుండి 8 కిలోల నత్రజని ఉంటుంది. కాల్చితే అది దాదాపు అంతా గాలిలో కలిసిపోతుంది. ఎకరాకు 25 క్వింటాళ్ల వడ్లు పండితే గడ్డి కూడా ఇంచుమించు అంతే వస్తుంది. అంటే 12 నుండి 20 కిలోల నత్రజని. 45 కిలోల యూరియా బస్తాలో ఉండేది 20 కిలోల పైచిలుకే. జూలైలో యూరియా కొరకు వరుసలో నిలబడే మనిషి మే నెలలో అర బస్తాకు తక్కువ కాకుండా పొగ చేసి పంపిస్తున్నాడన్నమాట.

ఇక పొరుగువాని సంగతి. ఒక ఊరిలో (పేరు వద్దు) మూడేళ్ల క్రితం ఒక కుటుంబం ఎప్పటిలాగే నిప్పు పెట్టింది. గాలి మళ్లింది. గెట్టు మీది సర్కారుతుమ్మ కంప అంటుకొని, ఆ కంప వెంబడి మంట నడిచి పక్కనున్న గడ్డివామును పట్టుకుంది. ఆ వాము ఒక కౌలురైతుది. రెండు బర్రెలు, వాటి పాల మీదనే ఇల్లు నడిచేది. ఇద్దరూ ఒకే సంఘస్థులు. "నేను కావాలని చేశానా?" అని ఒకరు, "నా బర్రెలకు ఏం పెట్టను?" అని ఒకరు. నాలుగు నెలలు మందిరంలో చెరొక పక్క కూర్చున్నారు. ప్రభురాత్రి భోజనం నాడు ఒకరు వస్తే మరొకరు రాలేదు.

నిర్గమకాండము 22:6లో ఇదే వ్యాజ్యెం ఉన్నది. నిప్పు ముండ్లకంపకు తగిలి పొరుగువాని కుప్పయో పైరో కాలిపోతే, అంటించినవాడే ఆ నష్టాన్ని అచ్చుకోవాలని ధర్మశాస్త్రం నిర్ణయించింది. కావాలని చేశావా అని అక్కడ అడగలేదు. పొలంలో నిప్పు పెట్టవద్దని కూడా అనలేదు, నిప్పు ఎంతవరకు పోయిందని మాత్రమే చూసింది. ఆ వాక్యం పెద్దలు ఇద్దరి మధ్య చదివాక మొదటి కుటుంబం రెండు ట్రాలీల గడ్డి ఇవ్వడానికి ఒప్పుకున్నది. అయితే ఇవ్వడానికి ఇంట్లో గడ్డి ఎక్కడిది? తమది తామే కాల్చుకున్నారు గదా! పక్క ఊరిలో కొని తెచ్చి ఇచ్చారు.

గడ్డివాము పోతే మళ్లీ కొనవచ్చు. తాటిచెట్లు కాలితే గీతపనివారికి ఏళ్లతరబడి నష్టం. ఒంటరిగా నిప్పు పెట్టబోయి, పొగకు ఊపిరాడక పొలంలోనే పడిపోయిన వృద్ధ రైతుల వార్తలు వేసవిలో పత్రికలలో చూస్తూనే ఉన్నాం.

పంజాబు రైతుకు వరి కోసిన మూడు వారాలలోపే గోధుమ విత్తాలి, ఆ తొందర వేరు. మనకు ఏప్రిల్ చివర కోతలయితే కాలువ నీళ్లు వచ్చేదాకా రెండు నెలలకు పైగా వ్యవధి ఉంటుంది. కోయగానే పదునున్నప్పుడు రోటవేటరు వేస్తే కొయ్య ముక్కలై మట్టిలో కలిసిపోతుంది. తొలకరికి జీలుగ చల్లి కలియదున్నవచ్చు. దమ్ములో ఎకరాకు 50 కిలోల సింగిల్ సూపర్ ఫాస్ఫేటు వేస్తే మిగిలిన కొయ్యలు త్వరగా కుళ్లుతాయని వ్యవసాయ శాఖవారు చెబుతారు. నాట్లకు రెండు రోజుల ముందు మాత్రం పచ్చిగడ్డిని బురదలో తొక్కవద్దు, అది కుళ్లేటప్పుడు నారు ఎర్రబారుతుంది. వివరాలు కావలసినవారికి కంపాసాగర్ కృషి విజ్ఞాన కేంద్రం మన మండలంలోనే ఉన్నది.

డీజిలు ఖర్చు ఎవరిస్తారని అడుగుతారు. నిజమే, అగ్గిపుల్ల చవక. అందుకే గడ్డి కట్టలు కట్టే మిషను సంగతి కూడా చూడండి. ఆ బాడుగ పెట్టుకొని గడ్డి తీసుకుపోయేవారు దొరుకుతారు. బర్రెలుండి భూమి లేని ఇండ్లు మన ప్రతి సంఘంలోనూ ఉన్నాయి. పొలం అంచులు బీదలకు విడిచిపెట్టమన్నది లేవీయకాండము 19వ అధ్యాయం, మన పొలాలలో ఆ అంచు ఇప్పుడు గడ్డే కావచ్చు. కోతకు వారం ముందే వారిని అడగండి. ముందుగా తెలిస్తే మిషను డ్రైవరుతో కొయ్య కిందికి కోయించవచ్చు, వాన పడకముందే కట్టలు ఇంటికి చేర్చుకోవచ్చు.