వడ్డీ కన్నా ముందు అడగాల్సిన ప్రశ్న

ఉద్యోగంలో చేరగానే హెచ్‌ఆర్‌ వాళ్లు జీతం ఖాతా తెరిపించేస్తారు. అది ఏ రకం ఖాతానో, షరతులేమిటో చాలామంది అడగరు. ఇంట్లోనూ అంతే. పెనుగొండ చుట్టుపక్కల ఊళ్లలో ధాన్యం డబ్బు, అమ్మ డ్వాక్రా పొదుపు, తాతయ్య దాచుకున్నది, చెల్లి ఫీజుకని పక్కన పెట్టింది.. అన్నీ ‘తెలిసినవాళ్లున్నారు’ అన్న చోటికే చేరుతుంటాయి. ఇంట్లో మొదటి డిగ్రీ మీదైతే ఆ కాగితాలు చదవాల్సిందీ మీరే.

ముందు చూడాల్సింది వడ్డీ కాదు. డబ్బు తీసుకుంటున్నది బ్యాంకా, సంఘమా అన్నది. మనం ‘సొసైటీ’ అనే మాటలో అన్నీ కలిపేస్తాం. పంట రుణాలిచ్చే ప్రాథమిక వ్యవసాయ సహకార పరపతి సంఘం, 1995 నాటి పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం కింద నమోదైన పొదుపు సంఘం.. ఇవి సంఘాలు. జిల్లా కేంద్ర సహకార బ్యాంకు, పట్టణ సహకార బ్యాంకు.. ఇవి బ్యాంకులు. రిజర్వు బ్యాంకు అనుబంధ సంస్థ డీఐసీజీసీ ఇచ్చే డిపాజిట్‌ బీమా బ్యాంకులకే వర్తిస్తుంది. 2020 ఫిబ్రవరి 4 నుంచి ఆ బీమా ఒక్కో బ్యాంకులో ఒక్కొక్కరికి, అన్ని శాఖల్లోని అసలూ వడ్డీ కలిపి, 5 లక్షల రూపాయల వరకు. సంఘాలకు అది లేదు. సహకార సంఘాలు పేరులో ‘బ్యాంకు’ అని వాడకూడదని రిజర్వు బ్యాంకు 2021 నవంబరులో ప్రజలను హెచ్చరించింది కూడా.

‘మా ఇంట్లో 5 లక్షలెక్కడివి?’ అంటారా? ఉన్నదే యాభై వేలైతే అది పోవడం ఇంకా పెద్ద దెబ్బ. అగ్రిగోల్డ్‌ సొసైటీ కాదు, కంపెనీ. కానీ అక్కడా నమ్మకం పుట్టింది తెలిసిన ఏజెంటును చూసే.

అలాగని సొసైటీ వద్దని కాదు. సభ్యుడికి ఓటుంటుంది, అప్పు దగ్గర్లో దొరుకుతుంది. నెలనెలా కొంత కట్టండి. మహాజన సభకు వెళ్లి ఆడిట్‌ రిపోర్టు అడగండి. ఇంటి డబ్బంతా మాత్రం అక్కడే పెట్టొద్దు.

మిగతాది అవసరాన్ని బట్టి పంచండి. దాళ్వా పెట్టుబడి ఎప్పుడంటే అప్పుడు తీసేలా బ్యాంకు పొదుపు ఖాతాలో ఉండాలి. చెల్లి ఫీజుకు, అడ్మిషన్ల కన్నా ముందే గడువు తీరే రికరింగ్‌ డిపాజిట్‌ సరిపోతుంది. పదేళ్లలోపు ఆడపిల్ల ఉంటే సుకన్య సమృద్ధి ఉంది. ఏడాదికి 250 నుంచి లక్షన్నర వరకు కట్టొచ్చు, కానీ మధ్యలో తీయడం కష్టం. అరవై దాటినవాళ్లకు పోస్టాఫీసు సీనియర్‌ సిటిజన్‌ పథకంలో ప్రతి మూడు నెలలకూ వడ్డీ చేతికొస్తుంది. పరిమితి 30 లక్షలు, గడువు ఐదేళ్లు.

ఇక మీ సంగతి. ఉద్యోగం వచ్చేదాకా కనీస నిల్వ అక్కర్లేని బేసిక్‌ సేవింగ్స్‌ ఖాతా చాలు. జీతం ఖాతా వచ్చాక ఒకటి గుర్తుంచుకోండి: ఉద్యోగం మారి జీతం పడటం ఆగితే, చాలా బ్యాంకులు దాన్ని మామూలు ఖాతాగా మార్చేస్తాయి. అప్పుడు కనీస నిల్వ షరతు, జరిమానా రావచ్చు.

ఈ ఆదివారం ఇంట్లో పాస్‌బుక్కులన్నీ ఒకచోట పెట్టండి. ఒక్కోదానిపై మూడు ప్రశ్నలు రాయండి: ఇది ఎవరి అవసరానికి? డిపాజిట్‌ బీమా ఉందా? నామినీ ఎవరు? జవాబు లేని పాస్‌బుక్కు పట్టుకుని సోమవారం కౌంటర్‌ దగ్గరికి వెళ్లండి.