మధురవాణి చేతిలో గీత

గత శుక్రవారం ఆర్మూరులో సాయంకాల నీరాజనానంతరం, పసుపు పండించే కుటుంబానికి చెందిన ఒక మాతృమూర్తి తీర్థం స్వీకరించి అక్కడే నిలిచారు. "అయ్యగారూ, మా బిడ్డ ఫోన్ల సినిమా చూస్తుంటది. అండ్ల ఒకామె మొగుణ్ణి చంపిస్తది, చూసేటోళ్లు నవ్వుతరు. గసొంటివి చూస్తే పాపం తగులుతదా?" అని అడిగారు.

ఆమె చెప్పినది 2021లో వెలువడిన 'మాస్ట్రో'. హిందీ 'అంధాధున్'కు ఇది తెలుగు రూపం. ఇందులో తమన్నా ధరించిన పాత్ర భర్తృహత్యలో భాగస్వామిని. ఆ రహస్యాన్ని కప్పిపుచ్చడానికి మరో పాతకానికీ వెనుదీయదు.

ఆస్తిక మహాశయులారా! నవ్వు స్వతః పాపం కాదు. వికృతమైన వేషం, వాక్కు, చేష్ట హాస్యానికి విభావాలని భరతముని నిర్ణయం. అసత్యాన్ని అసత్యంతో కప్పబోయి మనిషి పడే పాట్లకు నవ్వినవాడు హత్యను ఆమోదించినట్లు కాదు. విచారించవలసినది, నవ్వు ఆగిన తరువాత మనస్సులో మిగిలేదేమిటని. తనలోని కపటాన్ని గుర్తించి ఉలిక్కిపడితే ఆ నవ్వు వివేకానికి ద్వారం. 'దొరకకపోతే చాలు' అన్న భావం మిగిలితే అది తమస్సు.

ఇందుకు మన భాషలోనే ఉత్తమ నిదర్శనం ఉన్నది. గురజాడ అప్పారావుగారి 'కన్యాశుల్కం' 1892లో ప్రదర్శితమై, 1897లో ముద్రితమై, 1909లో విస్తృత రూపం పొందింది. 1955 నాటి చలనచిత్రంలో మధురవాణిగా సావిత్రి నటించారు. పసిబాలికలను వృద్ధులకు విక్రయించే క్రౌర్యమే ఆ హాస్యం అడుగున ఉన్న చీకటి. అందులో నవ్వులపాలైనవారిలో మా వైదికులే అధికులు. అందుకు నాకు కోపం రాదు, సిగ్గు కలుగుతుంది. మధురవాణి వేశ్య. అబద్ధమాడుతుంది. లుబ్ధావధాన్లకు మగపిల్లవాణ్ణి పెండ్లికూతురుగా అంటగట్టిన కపటంలో ఆమెకూ భాగమున్నది. కాని ఆ కపటం ఒక బాలికను రక్షించింది. హత్యాభియోగంలో చిక్కిన ఆ వృద్ధుణ్ణి కాపాడడానికి నిజం చెప్పినదీ ఆమెయే. స్వార్థానికి అబద్ధమాడే స్త్రీని, పరార్థానికి అబద్ధమాడే స్త్రీని ఒకే గాటన కట్టరాదు. వేశ్యాసంపర్కాన్ని గర్హించే వకీలు సౌజన్యారావు పంతులు చివరకు ఆమెకు భగవద్గీతను అందిస్తాడు.

ఈ సన్నివేశం చదివినప్పుడల్లా నాకొక అపరాధం జ్ఞప్తికి వస్తుంది. ముప్పది సంవత్సరాల క్రితం, ఊరంతా నిందించిన ఒక స్త్రీ తీర్థానికి చేయి చాచినప్పుడు నా ఉద్ధరిణి ఒక్క క్షణం ఆగింది. ఆమె గమనించింది. మరెన్నడూ ఆలయానికి రాలేదు. వేదాధ్యయనం చేసిన నేను చేయలేని పని, హాస్యనాటకంలోని ఒక వకీలు చేశాడు.

భాగవత ఏకాదశ స్కంధంలో అవధూత తన ఇరువదినలుగురు గురువులలో విదేహనగరపు వేశ్య పింగళను చేర్చాడు. ధనికుని కోసం అర్ధరాత్రి వరకు వాకిట వేచి, విసిగి, ఆమె పొందిన వైరాగ్యాన్ని గ్రహించాడు. పూర్వవృత్తాన్ని బట్టి ఆమెను త్రోసిపుచ్చలేదు. మన్ను అంటిందని మన రైతు పసుపు కొమ్మును పారవేయడు కదా. ఉడికించి, ఎండబెట్టి, మెరుగుపెట్టి అంగడికి తెస్తాడు.

కనుక ఆ తల్లితో ఇంతే అన్నాను: "ఫోన్ గుంజుకోకు తల్లీ, పక్కన కూసొని చూడు. అయిపోయినంక, ఎవరిని చూసి నవ్వినవు, ఎవరి మీద జాలిపడ్డవు అని బిడ్డను అడుగు."

ఆ రెండవ ప్రశ్న నాడు నన్నెవరూ అడగలేదు. నేనైనా వేసుకోవలసింది.

స్వస్తి.