మాత్ర ఇచ్చారు, మెతుకు మాటేమిటి?

"బాగా తిను, విశ్రాంతి తీసుకో." క్షయరోగికి మన ఆస్పత్రుల్లో దొరికే ఉచిత సలహా ఇది. ధర్మవరంలో గుంటమగ్గం మీద కూర్చునే నేతగాడికీ ఇదే, హిందూపురం చింతపండు మండీలో మూటలు మోసే హమాలీకీ ఇదే, పెనుకొండ దగ్గర కార్ల ఫ్యాక్టరీలో కంట్రాక్టు కూలీకీ ఇదే. మా వీధి నేతగాడొకడు ఈ సలహా విని వచ్చి నన్నడిగాడు: "దేంతో తినాల సార్? మగ్గం ఆగితే పొయ్యి ఆరుతుంది గదా!"

ఈ తప్పు శాస్త్రానిదని నేననను. శాస్త్రం చెప్పిందొకటి, పాలకులు విన్నదొకటి.

ఒకప్పుడు క్షయ అంటే శానిటోరియమే. మన సీమవాసికి మదనపల్లె దగ్గరి ఆరోగ్యవరమే. మంచి గాలి, మంచి తిండి, నెలల తరబడి పడక. అక్కడ చోటు దొరికినవాడు అదృష్టవంతుడు. 1956లో మద్రాసులో ఒక పరిశోధన మొదలైంది. 193 మంది పేద రోగుల్ని చీట్లు వేసినట్టు రెండు జట్లు చేసి, ఒక జట్టును శానిటోరియంకు పంపారు. రెండో జట్టును వాళ్ల ఇరుకిళ్లలోనే ఉంచారు. ఇద్దరికీ అవే మందులు. ఏడాది తిరిగేసరికి శానిటోరియంలో నూటికి 92 మందికి, ఇళ్లలో 86 మందికి జబ్బు అణిగింది. ఇంట్లోవాళ్లకు అంటుకోవడమూ ఎక్కువ కాలేదు. 1959లో వెలువడిన ఈ ఫలితం ప్రపంచమంతటా క్షయవైద్యాన్ని మార్చింది. పేదవాడి గుడిసే ఆస్పత్రి కాగలదని రుజువైంది. ఇది నిజంగా ప్రజల విజయం.

కాని మన పాలకులకు ఇందులో వినిపించిందేమిటి? తిండి లేకపోయినా ఫరవాలేదని! మందు రోగిని బాగుచేస్తుందా అన్న ప్రశ్నకు వచ్చిన జవాబును, ఆకలి ఇంటిల్లిపాదికీ జబ్బు తెస్తుందా అన్న ప్రశ్నకు అతికించారు.

ఆ రెండో ప్రశ్నకు జవాబు 2023లో వచ్చింది. జార్ఖండ్‌లో 2019 నుంచి సాగిన పరిశోధనలో రోగులందరికీ ఆహారమిచ్చారు. కొన్ని చోట్ల ఇంట్లోవాళ్లకు కూడా తలకు నెలకు 5 కిలోల బియ్యం, కిలోన్నర కందిపప్పు ఇచ్చారు. ఆ ఇళ్లలో కొత్తగా క్షయ సోకడం నూటికి 39 వంతులు తగ్గింది.

మరి మనం చేస్తున్నదేమిటి? 2018లో రోగికి నెలకు 500 రూపాయలతో మొదలైన సాయం 2024 నవంబరు నుంచి వెయ్యి అయింది. ఇంటివాళ్ల తిండిని మాత్రం దాతల దయకు వదిలారు. పరిశోధనకేమో పేదవాడి శరీరం కావాలి. దాని ఫలితం అతనికి దక్కాలంటే దాత కావాలా?

"డబ్బెక్కడిది?" అంటారు పెద్దలు. శానిటోరియం పడకలు కట్టకుండా మిగిలిన డబ్బెవరిది? ఇరుకు గదిలో దగ్గుతూ రోగి మిగిల్చిందే కదా!

ఉపాధ్యాయ మిత్రులారా, విద్యార్థులారా! ఈ పరిశోధనలను డాక్టర్ల బీరువాల్లో ఉండనివ్వకండి. మగ్గాల వీధుల్లో, మండీల్లో చదివి వినిపించండి. మగ్గం ఆపలేనివాడికి, మూట దించలేనివాడికి, వాళ్ల పిల్లలకు కందిపప్పు కూడా మందుచీటీలో రాయాలని అడగండి. మనమడిగేది బిచ్చం కాదు, పాత బాకీ.