ప్రతిభకు మినహాయింపు ఉన్నదా?

తప్పు చేసి, శిక్ష అనుభవించి వచ్చిన ఆటగాడిని అతని ప్రతిభను చూసి జట్టులోకి తీసుకోవచ్చునా? రాజధానిలోని రాజకీయ చర్చల మధ్య ఈ ప్రశ్న అల్పంగా తోచవచ్చు. కాని సమర్థుడైన అపరాధిని ఏమి చేయాలన్నది ప్రజాజీవితంలో మనకు నిత్యం ఎదురయ్యే ప్రశ్నే. అందుకే పొరుగుదేశపు ఉదంతం ఒకటి పాఠకుల ముందుంచుతున్నాను.

2010 ఆగస్టులో లార్డ్స్ టెస్టులో పాకిస్తాన్ బౌలర్ మహమ్మద్ ఆమిర్ ముందుగా కుదిరిన బేరం ప్రకారం నో-బాల్స్ వేశాడు. అప్పటికి అతని వయస్సు 18. ఆ మ్యాచ్‌లోనే ఆరు వికెట్లు తీసినవాడికి ఈ దుర్బుద్ధి పుట్టడమే విషాదం. అతనికి అయిదేళ్ల నిషేధం, లండన్ న్యాయస్థానంలో ఆరు నెలల జైలుశిక్ష పడ్డాయి.

2015లో నిషేధం ముగిసింది. ఆ డిసెంబరులో జాతీయ శిక్షణ శిబిరానికి అతనిని పిలవగా, మహమ్మద్ హఫీజ్, అజహర్ అలీ శిబిరంలో పాల్గొన నిరాకరించారు. బోర్డు వారికి నచ్చజెప్పింది. మరుసటి నెలలోనే ఆమిర్ తిరిగి దేశం తరఫున ఆడాడు. 2017 జూన్ 18న ఓవల్ మైదానంలో రోహిత్, కోహ్లీ, ధావన్ ముగ్గురినీ ఔట్ చేసి మన జట్టు ఓటమికి ముఖ్యకారకుడయ్యాడు. ఆక్షేపణకు సమాధానం ఇవ్వవలసింది వాదన. ఇక్కడ విజయమే సమాధానంగా చెలామణీ అయింది. నన్ను కలవరపెట్టేది ఇదే.

ఆమిర్‌తోపాటు శిక్షపడిన సల్మాన్ బట్, మహమ్మద్ ఆసిఫ్‌ల నిషేధాలూ 2015లోనే తొలగాయి. వారు మాత్రం మళ్లీ జాతీయ జట్టుకు ఆడలేదు. ఈ తేడాకు ఆమిర్ పిన్నవయస్సు, నేరాంగీకారం కారణమైతే అది న్యాయం. అతని బంతి వేగమే కారణమైతే అది బేరం.

మన దేశంలో శ్రీశాంత్ వ్యవహారం సుప్రీంకోర్టు వరకు వచ్చింది. క్రిమినల్ కేసు నుంచి విముక్తి పొందినవాడిపై కూడా బోర్డు క్రమశిక్షణ చర్య తీసుకోవచ్చునని, అయితే జీవితకాల నిషేధం మితిమీరినదని 2019 మార్చిలో న్యాయస్థానం తేల్చింది. తరువాత ఆ శిక్ష ఏడేళ్లకు తగ్గింది. శిక్ష తప్పుకు తగినంత ఉండాలన్నదే అక్కడి కొలత, ప్రతిభ కాదు.

ఆ కొలతే సరియైనదని నా అభిప్రాయం. శిక్ష పూర్తిచేసినవాడికి పోటీకి నిలిచే హక్కు ఉన్నది. కాని ప్రతిభ ఆ శిక్షను తగ్గించరాదు. నిజాయితీగా ఆడిన సహచరుల నోరు నొక్కరాదు. ఒక సామాన్య బౌలర్ ఇదే తప్పు చేసి, ఒప్పుకొని, ఇదే శిక్ష అనుభవించి వస్తే అతనికీ తలుపు తెరుస్తామని చెప్పగల బోర్డుకే ఆమిర్ వంటివారిని పిలిచే నైతికాధికారం ఉంటుంది. ఆ మాట చెప్పలేని బోర్డు క్షమించడం లేదు, కొనుక్కుంటున్నది.