తాంబూలాలకు ముందే రక్తపరీక్ష

బళ్లారికి, రాయదుర్గం, గుంతకల్లు, ఆదోనిలకు నడుమ రాష్ట్ర సరిహద్దు ఉన్నది గానీ, పెళ్లి సంబంధాలకు ఆ గీత లేదు. మేనరికమూ ఇరువైపులా నిలిచే ఉన్నది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం రక్తసంబంధీకుల వివాహాలు కర్ణాటకలో సుమారు 27 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 26 శాతం. దేశ సగటు 11 శాతమే.

తలసేమియా వంటి వ్యాధుల విషయంలో ఇది ఆలోచించదగిన అంశం. లోపమున్న జన్యువు ఒక్కటే ఉన్న మనిషి రోగి కాడు, వాహకుడు మాత్రమే. దంపతులిద్దరూ వాహకులైతే ప్రతి కాన్పులోనూ బిడ్డకు వ్యాధి వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు. తీవ్రమైన తలసేమియా గల బిడ్డకు రెండు నుంచి నాలుగు వారాలకొకసారి రక్తం ఎక్కించవలసి వస్తుంది.

మేనరికం మానినంత మాత్రాన సమస్య తీరదు. తరతరాలుగా ఒకే కులంలో పెళ్లిళ్లు జరిగినచోట, గోత్రాలు వేరైనా పూర్వీకులు కొందరే కావచ్చు. మన ప్రాంతానికి సుపరిచితులైన వైశ్యులే ఇందుకు ఉదాహరణ. కొన్ని మత్తుమందులతో పాటు ఇచ్చే కండరాల సడలింపు మందును శరీరం త్వరగా విచ్ఛిన్నం చేయలేని లోపం వీరిలో ఇతరులకన్నా దాదాపు నూరు రెట్లు అధికమని 2017లో హైదరాబాదు సీసీఎంబీ, హార్వర్డ్ శాస్త్రవేత్తలు తమ పరిశోధనాపత్రంలో పేర్కొన్నారు. అయితే ఇది సంబంధం వదులుకోవలసిన లోపం కాదు. శస్త్రచికిత్సకు ముందు వైద్యునికి చెప్పవలసిన సంగతి. ఏ ఫలితానికి ఎంత బరువున్నదో వివరించి చెప్పడమే కౌన్సెలింగు.

అసలు చిక్కు సమయంలో ఉన్నది. తాంబూలాలు పుచ్చుకున్న తరువాత పరీక్ష చేయిస్తే, ఫలితం తీర్పుగా మారుతుంది. సంబంధం తప్పితే వాహకత్వం ఇద్దరిదీ అయినా నింద పిల్లదానిపైనే పడుతుంది. న్యూయార్కులోని సనాతన యూదులు దీనికొక మార్గం కనుగొన్నారు. టే-శాక్స్ వ్యాధితో నలుగురు బిడ్డలను పోగొట్టుకున్న మతగురువు జోసెఫ్ ఎక్‌స్టీన్ 1983లో దోర్ యెషోరిమ్ సంస్థను నెలకొల్పారు. యువతీయువకులకు ముందే పరీక్ష జరిపి సంఖ్య ఇస్తారు. సంబంధం మాట రాగానే రెండు సంఖ్యలను పోల్చి, జోడీ తగునో కాదో మాత్రమే చెబుతారు. ఎవరి పరువూ వీధిన పడదు.

మన కులసంఘాలు వధూవరుల పరిచయ వేదికలు నడుపుతూనే ఉన్నాయి. జాతకంతో పాటు రక్తపరీక్షనూ, రహస్యం కాపాడే కౌన్సెలరునూ అక్కడే ఏర్పాటు చేయరాదా? నిర్ణయం మాత్రం ఆ ఇద్దరిదే కావాలి. తెలిసి నిర్ణయించుకునే హక్కును వారికి పెద్దలే కల్పించాలి.