పెద్దలకు క్షయ, పిల్లలకు లేహ్యమా?

గత మాసంలో ఒక ఉద్యోగస్థుల కుటుంబం నాలుగేళ్ళ మనుమణ్ణి వెంటబెట్టుకొని నా చికిత్సాలయానికి వచ్చింది. తాతగారికి ఊపిరితిత్తుల క్షయ అని అప్పటికి మూడు వారాల క్రితమే తేలింది. ఆరోగ్య కార్యకర్త ఇంటికి వచ్చి, పిల్లవాణ్ణి పరీక్ష చేయించాలని, వ్యాధి లేదని తేలినా ఆరు నెలలు మాత్రలు వేయాలని చెప్పిందట. నాయనమ్మగారికి అది రుచించలేదు. "చెంగుచెంగున గెంతే బిడ్డకు మాత్రలేమిటండీ? మీరే మంచి లేహ్యమేదైనా ఇవ్వండి, చాలు" అన్నారు.

ఇస్తే నాకు లాభమే. ఇవ్వలేదు. ఎందుకో పాఠకులకు చెప్పవలసి ఉన్నది.

1990వ దశకం తొలినాళ్ళలో ఇటువంటి ఇంటి నుంచే రెండేళ్ళ పాపను నా వద్దకు తెచ్చారు. మేనమామకు క్షయ, పాప ఆయన ఒడిలోనే పెరుగుతున్నది. నాడి చూశాను. జ్వరం లేదు, దగ్గు లేదు. "పాపకేమీ లేదు, బలానికి ఇది నాకించండి" అని పంపివేశాను. నాలుగు నెలలు తిరగకముందే జ్వరం, వాంతులు, మగత. ఆసుపత్రికి చేరేసరికి మెడ బిగుసుకుపోయింది. క్షయ మెదడు పొరలకు పాకింది. ప్రాణం దక్కింది గాని చూపు దక్కలేదు. ఆ తల్లిదండ్రులు నన్ను ఒక్క మాట కూడా అనలేదు. అదే నన్ను నేటికీ బాధిస్తున్నది.

తప్పు శాస్త్రానిది కాదు, నాది. సుశ్రుతుడు శోషను జ్వర, కుష్ఠ, నేత్రాభిష్యందాలతో పాటు ఒకరి నుండి ఒకరికి సంక్రమించే వ్యాధులలో చేర్చి, నిశ్వాసాన్నీ, సహభోజనాన్నీ, ఒకే శయ్యనూ కారణాలుగా చెప్పాడు. గురుకులంలో ఈ పాఠం వల్లించినవాణ్ణే. శోషరోగి వస్తే మా గురువుగారు మందుకు ముందు "ఇంట్లో పసివాళ్ళెందరు?" అని అడిగేవారు. ఆ ప్రశ్న ఆనాడు నాకు గుర్తు రాలేదు.

1882లో రాబర్ట్ కాక్ కనుగొన్న ఈ క్రిమి పెద్దవారిలో ఏళ్ళ తరబడి నిద్రాణంగా ఉండగలదు. ఐదేళ్ళ లోపు పిల్లలలో అలా కాదు. సోకిన ఏడాది, రెండేళ్ళలోనే వ్యాధిగా మారే ప్రమాదం అధికం. సరైన ఔషధాలు లేని కాలపు పరిశీలనలలో, సోకిన ఏడాదిలోపు శిశువులలో ఇంచుమించు సగం మందికి వ్యాధి వచ్చింది. "పుట్టగానే బి.సి.జి. వేయించాము గదా" అంటారు. అది మెదడు పొరల క్షయ వంటి తీవ్రరూపాల నుంచి చాలావరకు కాపాడుతుంది. క్రిమి సోకకుండా ఆపుతుందన్న భరోసా లేదు.

పసివారికి కఫం ఉమ్మడం చేతకాదు, మింగివేస్తారు. కనుక అవసరమైతే పరగడుపున కడుపులోని ద్రవం తీసి పరీక్షిస్తారు. రెండు వారాలు దాటిన దగ్గు లేదా జ్వరం, బరువు పెరగకపోవడం, ఆటలపై ఆసక్తి తగ్గడం, మెడలో బిళ్ళలు ఉన్నవేమో వైద్యుడు చూడాలి. అవసరమైతే ఛాతీ ఎక్స్‌రే తీయాలి. వ్యాధి ఉంటే నివారణ మాత్ర చాలదు, పూర్తి చికిత్స కావాలి. అందుకే పరీక్ష ముందు. వ్యాధి లేదని తేలితే ఐదేళ్ళ లోపువారికి చర్మపరీక్ష కోసం ఆగనక్కరలేదు, నివారణ మాత్రలు మొదలుపెట్టవచ్చు. 2021 నాటి జాతీయ మార్గదర్శకాలు ఇంట్లోని పెద్ద పిల్లలనూ, పెద్దలనూ కూడా ఇందులో చేర్చాయి. ప్రభుత్వ కేంద్రాలలో ఇదంతా ఉచితం. పెద్దాయనకు సోకినది మందులకు లొంగని క్రిమి అయితే పిల్లవాడి మందు కూడా మారుతుంది. ఆ సంగతి అడిగి తెలుసుకోవాలి.

మన ఇళ్ళలో మరొక జాడ్యం ఉన్నది. మధుమేహం ఉన్న తాతగారి దగ్గును "పాత పడిశం" అంటారు. తేలిన తరువాత సంబంధాలు చెడిపోతాయని దాస్తారు. ఆ దాచిన కాలమంతా పసివాడు ఆయన పక్కలోనే పడుకుంటాడు.

ఇక లేహ్యం సంగతి. మాత్రలు వాడే కాలంలో పాలు, నెయ్యి, పెసరపప్పు చక్కగా పెట్టండి. మా మందులు మాత్రం ఆ వైద్యునికి చెప్పకుండా కలపవద్దు. ఆకలి చచ్చి వాంతులైనా, కళ్ళు పచ్చబడినా మాత్ర ఆపి వెంటనే చూపించండి. కాలేయానికి ఇబ్బంది కావచ్చు.

ఇంత చెప్పాక నాయనమ్మగారు "మరి ఆవకాయ పెట్టవచ్చునా?" అని అడిగారు. ముద్దపప్పు ఎక్కువ, ఆవకాయ తక్కువ అన్నాను. పరీక్షలో వ్యాధి లేదని తేలిందనీ, మాత్రలు మొదలుపెట్టామనీ మొన్న ఫోన్ చేశారు. నెలనెలా బరువు వంటింటి తలుపు మీద పెన్సిలుతో రాస్తున్నారట.