గృహవినోదములు: దాచిన పెట్టెను వెదకు ఆట



వేసవి సెలవులు వచ్చినవనగానే పిల్లలున్న ప్రతి యింటను ఒకే మొఱ వినవచ్చుచుండును. ప్రొద్దు పోవుట లేదని బిడ్డలు, సెల్‌ఫోను వదలుట లేదని తల్లులు. ఆ సెల్‌ఫోనునే చేతనుంచుకొని, బిడ్డలను, వారితోపాటు మనలను గూడ గడప దాటించి చెట్టుచేమల నడుమకు గొనిపోవు ఆట యొకటి కలదు. దాని పేరు జియోక్యాషింగు. పేరు పలుకుటకు నోరు తిరుగకున్నను ఆట మనకు బొత్తిగా క్రొత్తది కాదు. చిన్ననాడు ఇసుకను గట్టుగా పోసి, అందులో పుల్లను దాచి, తోడిపిల్లను వెదకుమన్నవారమే గదా! ఇసుకగట్టునకు మారుగా ఊరంతయు, పుల్లకు మారుగా మూతగల చిన్న పెట్టె, ఇంతియే భేదము. గత వేసవిలో వికారాబాదు జిల్లాలోని బంట్వారమున మా యక్కగారి యింట నేనీ యాటను మొదలిడితిని. అందు పొందిన సంతోషమును, పడిన సిగ్గును గూడ దాచక మీకు జెప్పెదను.

ముందుగా ఆట పుట్టుక వినుడు. భూమికి సుమారు 20,200 కిలోమీటర్ల యెత్తున అమెరికావారి ఉపగ్రహములు తిరుగుచు నిరంతరము సంకేతములను పంపుచుండును. వానిలో కనీసము నాలుగింటి సంకేతములు వినబడినచో, మన ఫోను తానెచ్చటనున్నదో లెక్క కట్టుకొనగలదు. 2000 సంవత్సరము వఱకు ఆ ప్రభుత్వమువారు సామాన్యులకందు సంకేతములలో బుద్ధిపూర్వకముగా తప్పు కలుపుచుండిరి. అందుచేత లెక్క నూఱు మీటర్ల మేర తప్పుచుండెడిది. 2000 మే 2న ఆ కలుపుట మానిరి. మరునాడే, మే 3న, ఆరిగాన్ రాష్ట్రమున బీవర్‌క్రీక్ అను ఊరి సమీపమున డేవ్ అల్మర్ అను నతడు ఒక బకెట్టులో పుస్తకము, పెన్సిలు, కొన్ని చిల్లర వస్తువులు, ఒక చిక్కుడుగింజల డబ్బా పెట్టి యడవిలో దాచి, ఆ చోటు గుర్తు తెలుపు అంకెలను లోకమునకు ప్రకటించెను. మూడు దినములు గడువకమునుపే మైక్ టీగ్ అను నతడు దానిని కనుగొనెను. ఆ యేడు సెప్టెంబరులో జెరెమీ ఐరిష్ అను నతడు ఇట్టి పెట్టెల పట్టికను అందఱకును తెరచి యుంచెను. నేడు 190కి మించిన దేశములలో 30 లక్షలకు పైగా పెట్టెలు దాగియున్నవి.

భూమిని అంకెలలో కొలుచుట మన సీమకు పాతపని. విలియం లాంబ్టన్ దొర 1802లో చెన్నపట్టణమున మొదలిడిన సర్వే ఉత్తరముగా సాగివచ్చి, 1815లో బంట్వారమునకు ఉత్తరముననున్న బీదరు ప్రాంతమున ఒక ఆధారరేఖను కొలిచినది. ఆ కొలతకు గొలుసులు, అరటన్ను బరువుగల యంత్రము, వాటిని మోయుటకు జనసమూహము కావలసివచ్చెను. ఆ విద్య నేడు మన పిడికిటిలో పట్టు ఫోనులో ఇమిడియున్నది. దానిని బజారు ధరలు చూచుటకు మాత్రమే వాడుకొనుట న్యాయమా?

ఇక అంకెల సంగతి. ఏ చోటికైనను రెండు సంఖ్యలుండును. భూమధ్యరేఖకు ఉత్తరముగా ఎంత దూరమున్నదో తెలుపునది అక్షాంశము. తూర్పుపడమరల స్థానమును తెలుపునది రేఖాంశము. బంట్వారము 17 డిగ్రీల పైచిలుకు ఉత్తర అక్షాంశమున, 77 డిగ్రీల పైచిలుకు తూర్పు రేఖాంశమున నున్నది. ఒక్కొక్క డిగ్రీకి 60 నిమిషములు. ఇవి గడియారపు నిమిషములు కావు, దూరమునకు గుర్తులు. అక్షాంశమున ఒక నిమిషము ఇంచుమించు 1,852 మీటర్లు. ఆటలో ఆ నిమిషమును మరల వేయి పాళ్లు చేయుదురు. ఒక్క పాలు ఎంతయనగా, మీరు రెండు చేతులు చాచి నిలిచిన బారెడు. తూర్పుపడమరల కొలత మన ప్రాంతమున దీనికి కొంచెము తక్కువగా నుండును. కావున చివరి అంకె ఒకటి మారిన మనము ఒక బార జరిగితిమన్నమాట. ఇది యొక్కటి పిల్లలకు బోధపడినచో సగమాట వచ్చినట్లే.

ఆడదలచినవారు ఫోనులో ఈ యాటకు సంబంధించిన పట్టికను తెరచి, తమ దగ్గరి పెట్టెలను చూచుకొనవలయును. ప్రతి పెట్టెకును వెదకుటలోని కష్టము, నడకలోని కష్టము అను రెంటికి 1 మొదలు 5 వఱకు గుర్తులు వేసియుందురు. రెండును 1 గా నున్నవానితోనే ఆరంభింపుడు. వ్రేలి కొనయంత గొట్టములను గూడ దాచుదురు. మొదట వాని జోలికి పోక, చేతికందునంతటి పెట్టెను ఎంచుకొనుడు. ఇంటినుండియే పటమును ఫోనులో దాచుకొనిపోయినచో దారిలో నెట్టు అందకున్నను ఉపగ్రహముల సంకేతములందును.

ఆకాశము నిర్మలముగా నున్నప్పుడు సైతము ఫోను లెక్క అయిదు మీటర్ల వఱకు తప్పవచ్చును. గోడల ప్రక్కను, దట్టమైన చెట్లక్రిందను ఇంకను తప్పును. కావున అచ్చటికి చేరినపిదప ఫోనును మడిచి, కంటికి పని చెప్పుడు. "నేనే దాచవలసి వచ్చినచో ఎచ్చట దాతును?" అని తలపోయుడు. వాన తడుపనిది, మేక కదల్పనిది, బాటసారి కంటబడనిది అగు చోటు ఏదియో చూడుడు. రాళ్ల సందున చేయి పెట్టకముందు కఱ్ఱతో తట్టి చూచుట మరువకుడు. మనకంటె ముందుగా తేలో పామో ఆ పెట్టెను కనుగొని యుండవచ్చును.

పెట్టె దొరకినచో అందలి పుస్తకమున మీ ఆటపేరును, తేదిని వ్రాసి, ఉన్నచోటనే, ఉన్నరీతిగనే మరల నుంచవలయును. లోపలి బొమ్మ యేదైన తీసికొనినచో దానికి సమానమైనది గాని మేలైనది గాని పెట్టవలయును. దొరకకున్నచో దొరకలేదని పట్టికలో వ్రాయుట సిగ్గు గాదు. దానివలన దాచినవారు వచ్చి పెట్టె యున్నదో పోయినదో చూచుకొందురు.

"మా పల్లె దగ్గర ఒక్క పెట్టెయును లేదే!" అందురేమో. మేమును అట్లే నిరుత్సాహపడితిమి. కాని పండ్రెండేండ్ల మా యక్క కూతురు, "పిన్నీ, మనమే దాచుకొని మనమే వెదకుకొన రాదా?" అనెను. నిజమే గదా! ప్లాస్టికు డబ్బానొకదానిని బాగుగా కడిగి, చిన్న నోటుపుస్తకము, పెన్సిలు, నాలుగు గాజులు అందు పెట్టితిమి. ఎవరికిని చెప్పకుండ అక్కను వెంటబెట్టుకొని ఊరివెలుపలి పాడుపడిన రాతిమండపము చెంతకు పోయి, ఒక మూల రాళ్లు తొలగింపసాగితిమి.

ఇంతలో గొఱ్ఱెలను మళ్లించుకొని పోవుచున్న వృద్ధుడొకడు నిలిచి, "ఏం తవ్వుతున్నరమ్మా? లంకెబిందెలకు వచ్చినరా?" అని యడిగెను. చూచుచుండగనే పదిమంది గూడిరి. గుప్తనిధులకని రాత్రివేళ గుళ్లను మండపములను పెకలించు దుర్మార్గుల కథలు మన సీమలో ఏ యూర వినరాదు? వారి యనుమానము సహజమే. నేను ఉపగ్రహములని, అంకెలని చెప్పినకొలది అనుమానము పెరుగుచుండెను. కడకు అక్క తన యత్తగారి పేరు చెప్పిన తరువాతగాని మమ్ము పోనీయలేదు. దారి పొడవునను అక్క నోరు విప్పలేదు. ఇంటికి వచ్చి, "ఈ యూరికి కోడలనై వచ్చి యిరువదిరెండేండ్లాయెను. మా అత్తమ్మ పేరు చెప్పినగాని నేనెవరో వారికి తెలియదు. ఆ మండపము నాకును నేడే తెలిసినది" అని కన్నులు తుడుచుకొనెను.

అత్తగారు విని కోపింపలేదు. "ఆడుకొనుట తప్పు గాదు బిడ్డా. అడుగక పోవుట తప్పు. పొద్దుగాల నేను వస్త పాండ్రి" అనెను. మఱునాడు ఎండ యెక్కకముందే కఱ్ఱ చేతబట్టి మాకు ముందు నడచెను. ఆ వృద్ధుని యింటిముందు నిలిచి సంగతి చెప్పెను. పిదప తమ పొలము గట్టుననున్న చింతచెట్టు మొదట, తవ్వక, వేళ్ల సందున డబ్బాను పెట్టించెను. తిరిగివచ్చునపుడు ప్రతి చెలకకును, ప్రతి బావికిని పేరు చెప్పెను. ఇది ఊటబావి మడి, అది నల్లచెలక, ఇచ్చట మీ తాత కంది కావలికి మంచె కట్టినాడు, అని. పిల్ల ప్రతి పేరునకును ఎదురుగా ఫోనులోని అంకెలను వ్రాసికొనెను. ఏ పటములోను లేని పదునాలుగు పేర్లు ఆ యుదయమున పుస్తకమునకెక్కినవి. ఆ డబ్బాను మొట్టమొదట కనుగొన్నది ఎవరనుకొందురు? మమ్మాపిన వృద్ధుని మనుమరాలు!

ఈ యేడు ఆ యత్తగారు మంచము దిగుట లేదు. కాని ఆదివారమునాడు అక్క తానే పిల్లలను వెంటబెట్టుకొని ఆ గట్టులన్నియు తిరిగి, వచ్చి ఆమెకు చెప్పుచున్నదట. దారిలో జనులు అక్కను పేరుపెట్టి పలుకరించుచున్నారట. ఈ యాటవలన కలుగు లాభమేమని యడుగువారికి నా కింతకుమించిన సమాధానము తెలియదు.

మా పొరపాటువలన నేర్చుకొన్నవియు, ఆట నియమములలో నున్నవియు నగు జాగ్రత్తలను వివరించెదను.

మొదటిది, అనుమతి. నేల యెవరిదో వారిని అడిగిన తరువాతనే పెట్టె నుంచవలయును. పెట్టెను పాతిపెట్టుట, అందుకై నేల త్రవ్వుట ఆటలోనే నిషిద్ధము. గుడి, మసీదు, పాతకట్టడము, రైలుపట్టాలు వీని దరికి పోరాదు. పెట్టెపై "ఇది ఆటపెట్టె" యని తెలుగున పెద్దయక్షరములతో వ్రాయుడు.

రెండవది, చోటు. అనంతగిరి యడవిలో అటవీశాఖవారి యనుమతి లేక ఏమియు దాచరాదు. కోట్‌పల్లి చెరువు నీటియంచున, తాండూరు ప్రాంతపు నాపరాతి గనుల గోతులచెంత పిల్లలను వెదకనీయరాదు. పూడూరు మండలమందలి దామగుండమున నౌకాదళ రేడియో కేంద్రమునకు 2024 అక్టోబరు 15న శంకుస్థాపన జరిగినది. అట్టి రక్షణస్థలముల కడ ఈ యాట తలపెట్టనే రాదు.

మూడవది, లోపలి వస్తువులు. తినుబండారములు పెట్టరాదు, చీమలు, ఎలుకలు, కుక్కలు పెట్టెను బ్రతుకనీయవు. కత్తులు, అగ్గిపెట్టెలు, మందులు కూడదు.

నాలుగవది, మన క్షేమము. ఒంటరిగా పోవలదు. ప్రొద్దుగూకిన పిదప వెదకవలదు. ఎచ్చటికి పోవుచున్నారో, ఎప్పుడు వత్తురో ఇంట చెప్పిపొండు. మీ యింటి గుర్తు తెలుపు అంకెలను బయటివారికి తెలియనీయకుడు. ఆటకు మాఱుపేరు పెట్టుకొని, పిల్లల పేర్లను, ఛాయాచిత్రములను పట్టికలో నుంచకుడు. ఇంటివారికొఱకు దాచుకొన్న పెట్టెను పట్టికకెక్కింపనే యక్కఱలేదు.

లోకులందఱకును తెలియు పెట్టెను దాచదలచితిరేని, ముందు పదియైనను వెదకి చేయి తిరిగినపిదప దాచుడు. మఱియొక పెట్టెకు 161 మీటర్లలోపల దాచరాదు. స్వచ్ఛందముగా పనిచేయు పరిశీలకులు చూచి యొప్పుకొన్న పిమ్మటనే అది ప్రకటింపబడును. ఏడాది పొడవునను దాని మంచిచెడ్డలు చూచుకొనవలసినది మీరే. కావున యాత్రకు పోయినచోట దాచిరాకుడు.

ఈ యాదివారము ఒక డబ్బాను కడిగి యెండబెట్టుడు. మీ యింట పెద్దవారెవరైన నున్నచో, మీ యూరి చెలకల పేర్లు, బావుల పేర్లు మొదట వారినడిగి వ్రాసికొనుడు. పెట్టె పోయిన మఱియొకటి దొరకును. ఆ పేర్లు పోయిన మరల దొరకవు. మీ యనుభవములను మాకు వ్రాసి పంపిన సంతోషింతుము.